పువెబ్లాలో కొన్న నీలం కప్పు: అయిదు నెలలు రోజూ వాడాక

ముందే చెప్పేస్తాను. తలవేరా కప్పు, అంటే మెక్సికోలోని పువెబ్లా ఊళ్ళో మెరిసే పూతా రంగులూ వేసి కాల్చే మట్టి కప్పు, కొనండి, పెట్టిన డబ్బుకి బాధపడరు. కాకపోతే పువెబ్లాలో దిగిన రోజే కొనొద్దు. కనీసం రెండు రోజులు పాత ఊరంతా కాళ్ళతో తిరగండి, ఇళ్ళ గోడల మీద, చర్చి గుమ్మటాల మీద, ఒక పాత సన్యాసినుల కాన్వెంట్ వంటింట్లో ఆ పింగాణీ పలకల్ని కళ్ళారా చూడండి, ఆ తర్వాత కొనండి. నేను తిరగకముందే కొన్నాను, అందుకే రెండు కప్పులు కొనాల్సొచ్చింది. ఈ రివ్యూ రెండో కప్పు గురించి, కానీ మొదటిదాని సంగతి చెప్పకుండా రెండోదాని విలువ అర్థం కాదు.

ఒక సెమిస్టర్ ఎక్స్‌ఛేంజ్ మీద ఇక్కడికి వచ్చాను. మెక్సికో సిటీ నుంచి బస్సులో దాదాపు రెండు గంటలు. నేను అద్దెకుంటున్న గది నుంచి కెథెడ్రల్ పక్కనున్న పెద్ద చౌక్‌కి, దాని పేరే సొకలో, పదిహేను నిమిషాల నడక. వచ్చిన రెండో రోజే సెంటర్‌లో ఒక స్టాల్ దగ్గర పొద్దుతిరుగుడు పువ్వు వేసిన పసుపు కప్పు కనిపించింది. తలవేరానేనా అని నాకొచ్చిన నాలుగు స్పానిష్ ముక్కల్లో అడిగాను. "క్లారో, సెన్యోరితా, ఒరిహినాల్" అన్నాడు స్టాలాయన, అవునమ్మా, అసలుదే అని. 90 పెసోలు. ఎంత చవకో అనుకుని ఆనందంగా ఇంటికి తెచ్చుకున్నాను. మూడో వారానికల్లా స్పాంజితో తోముతుంటే పువ్వు రేకులు ఒక్కొక్కటే స్పాంజికి అంటుకుని రావడం మొదలైంది. రంగు కాల్చలేదన్నమాట, పైన పూసి వదిలేశారు. అన్నిటికన్నా భయం వేసింది ఏమిటంటే, మూడు వారాలుగా ఆ కప్పులోనే వేడి వేడి కాఫీ తాగుతున్నాను.

ఆ కప్పు తీసుకెళ్ళి ఇంటావిడకి చూపించాను. ఆవిడ పువ్వు వంక చూడనే లేదు. కప్పు తిరగేసి అడుగు చూసింది. "ఇక్కడ ఏమీ రాసిలేదు కదా, మిహా" అంది. మిహా అంటే అమ్మాయీ, తల్లీ అన్నట్టు, ఇక్కడ పెద్దవాళ్ళు చిన్నవాళ్ళని అలాగే పిలుస్తారు. తర్వాత తన అలమారలోంచి అంచు చిట్లిపోయిన ఒక నీలం గిన్నె తీసి నా చేతిలో పెట్టింది, వాళ్ళ అమ్మదట. వేలితో తడమమంది. నీలం గీతలు చేతికి తగులుతున్నాయి, తెల్లటి నేల మీద సన్నగా ఉబ్బి ఉన్నాయి. కళ్ళు మూసుకుని తడిమినా పువ్వు ఆకారం తెలుస్తోంది. "ముందు వెళ్ళి సాంతా రోసా వంటిల్లు చూసి రా, ఆ తర్వాత కొందువుగాని" అంది. ఆవిడ మాట విని సెంటర్ తిరగడం మొదలుపెట్టాను.

తిరగడం చాలా తేలిక, వీధుల నంబర్ల లెక్క ఒకసారి బుర్రకెక్కిందంటే మ్యాప్ అక్కర్లేదు. 1531లో ఈ ఊరిని ఖాళీ నేల మీద గళ్ళు గీసినట్టు వేశారు. సొకలో మూల దగ్గర మధ్య గీత. తూర్పు పడమరలుగా పోయే వీధుల్లో ఉత్తరం వైపువి సరి సంఖ్యలు, దక్షిణం వైపువి బేసి సంఖ్యలు. ఉత్తర దక్షిణాలుగా పోయేవాటిలో తూర్పు వైపువి సరి, పడమర వైపువి బేసి. ఒరియెంతె అంటే తూర్పు, పొనియెంతె అంటే పడమర, నోర్తె ఉత్తరం, సుర్ దక్షిణం. 4 ఒరియెంతె అని బోర్డు కనిపిస్తే సెంటర్‌కి కాస్త ఉత్తరాన, తూర్పు పక్కన ఉన్నానని వెంటనే తెలిసిపోతుంది. మొదటి వారం టెన్షన్ పడ్డాను గానీ తర్వాత ఫోన్ జేబులోంచి తీయకుండానే తిరిగాను. ఒక్క మాట, ఊరు సముద్ర మట్టానికి 2,100 మీటర్లకి పైనే ఉంది. మొదట్లో కొంచెం గబగబా నడిచినా ఆయాసం వస్తుంది, మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటుంది, సాయంత్రానికి స్వెటర్ కావాలి.

సొకలో పక్కనే 2 నోర్తె మీద బొమ్మల ఇల్లు ఉంది, కాసా దె లోస్ మున్యెకోస్ అంటారు. ఎర్ర పలకల గోడ మీద మనిషంత ఎత్తు బొమ్మలు, చేతుల్లో ఏవేవో పట్టుకుని, విచిత్రంగా వంగి గంతులేస్తున్నట్టు ఉంటాయి. ఇల్లు మరీ ఎత్తుగా కడుతున్నావని నగర పాలక సభ సభ్యులు యజమానికి అడ్డు తగిలితే, వాళ్ళని వెక్కిరిస్తూ ఆ బొమ్మలు పెట్టించాడని ఊళ్ళో చెప్పుకుంటారు. కాదు, అవి హెర్క్యులీస్ సాహసాలని చెప్పేవాళ్ళూ ఉన్నారు. నాకు కథ కన్నా ఆ రంగు ముఖ్యమనిపించింది. 18వ శతాబ్దం చివర్లో కట్టిన ఇల్లు. రెండు వందల ఏళ్ళకి పైగా ఎండా వానా తిన్న పలకల మీద నీలం ఇంకా నీలంగానే ఉంది. నా కప్పు మీది పువ్వు మూడు వారాలు కూడా నిలవలేదు. అక్కడే నిలబడి ఆ తేడా ఎందుకొచ్చిందో తెలుసుకోవాలనుకున్నాను.

కెథెడ్రల్ గురించి పెద్దగా రాయను, అందరూ రాస్తారు. 1575లో మొదలుపెట్టి 1649లో ప్రతిష్ఠ చేశారు, గోపురాలు దూరం నుంచే కనిపిస్తాయి. తలవేరా కోసం వెళ్ళేవాళ్ళు మాత్రం బయట కొంచెం దూరం జరిగి తలెత్తి గుమ్మటం చూడాలి, దాన్ని పలకలతో కప్పారు. దక్షిణాన వీధి దాటి 5 ఒరియెంతెలోకి వెళ్తే మొదటి అంతస్తులో పాలఫోక్సియానా గ్రంథాలయం. ఇది తలవేరా దారిలో లేదు, అయినా వదలొద్దు. 1646లో బిషప్ హువాన్ దె పాలఫోక్స్ తన 5,000 పుస్తకాలు ఇచ్చి మొదలుపెట్టించాడు, ఇప్పుడు 45,000 దాటాయి. దేవదారు అలమారలు పైకప్పు దాకా మూడు వరసల్లో ఉంటాయి. లోపలికి అడుగుపెట్టగానే పాత చెక్క, పాత కాగితం కలిసిన వాసన. చదువుకోవడానికి వచ్చినదాన్ని కదా, ఆ హాల్లో అరగంట బెంచీ మీద కూర్చుని కదలబుద్ధి కాలేదు. దేశం కాని దేశంలో మొదటిసారి నా మనసు కుదుటపడింది అక్కడే.

సాంతో దొమింగో చర్చిలో రొసారియో చాపెల్‌కి ఆదివారం వెళ్ళొద్దు, పూజ జరుగుతుంటే తిరిగి చూడటం కుదరదు. 1690లో పూర్తయింది. గోడలూ కప్పూ మొత్తం బంగారు రేకు పూసిన గచ్చు నగిషీ పని, జనం అంతా నోరు తెరుచుకుని పైకే చూస్తుంటారు. మీరు ఒక్కసారి కిందికి చూడండి. నడుము ఎత్తు దాకా గోడకి తలవేరా పలకలే. పైన అంత బంగారం పెట్టినవాళ్ళు కింద చేయి తగిలే చోట, భుజాలు రాసుకునే చోట ఈ పలకలు పెట్టారంటే వాటి మీద వాళ్ళకి ఎంత నమ్మకమో ఆలోచించండి.

ఇంక ఇంటావిడ చెప్పిన సాంతా రోసా. ఇది సెంటర్‌కి కొంచెం దూరం, 3 నోర్తె మీద పైకి నడవాలి, ఆ దారిలో టూరిస్టులు తగ్గిపోయి బడి పిల్లలు, ఇనప సామాను కొట్లు కనిపిస్తాయి. పాత సన్యాసినుల కాన్వెంట్, ఇప్పుడు హస్తకళల మ్యూజియం. వంటింట్లోకి వెళ్ళాక నాకు మాట రాలేదు. గోడలు, కమానులు, పైకప్పు వంపు, పొయ్యి గట్టు, అన్నీ పలకలే. ఎటు తిరిగినా తెలుపు, నీలం, పసుపు. పెద్ద పెద్ద మట్టి కుండలు గట్ల మీద పెట్టి ఉంచారు. మోలె పొబ్లానో అనే కూర ఇక్కడే పుట్టిందని, సోర్ ఆంద్రెయా అనే సన్యాసిని వైస్రాయ్ వస్తున్నాడని మిరపకాయలు, చాక్లెట్, మసాలాలు కలిపి నూరిందని కథ. కథలో నిజమెంతైనా, ఆ వంటింట్లో నిలబడితే నమ్మాలనిపిస్తుంది. పొయ్యి గట్టు దగ్గర వంగి చూశాను. పలకల మెరుపు మీద జుట్టు కంటే సన్నని పగుళ్ళు, వల పరిచినట్టు. మసి పట్టే చోట, నూనె చిందే చోట, రోజూ తడిగుడ్డతో తుడిచే చోట ఉండి కూడా రంగు చెక్కుచెదరలేదు. అందం కోసం గోడకి తగిలించుకునే వస్తువు కాదిది, వంటింటి సామాను. ఇంటావిడ నన్ను అక్కడికి ఎందుకు పంపిందో అప్పుడు తెలిసింది.

ఈ నీలం తెలుపు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఇంకా బాగుంటుంది. మెరుపు పూతలో తగరం కలిపే పద్ధతిని 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్ళు తెచ్చారు, అక్కడి తలవేరా దె లా రెయినా ఊరి పేరే దీనికి వచ్చింది. 1653లో కుమ్మరులకి ఒక సంఘం, దానికి రాతపూర్వక నియమాలు ఏర్పడ్డాయి. నాణ్యతని బట్టి తరగతులు చేశారు, చేసినవాడు తన గుర్తు వేయాలన్నారు. అదే సమయంలో మనీలా నుంచి మెక్సికో పడమటి తీరంలోని అకపుల్కోకి ఓడల్లో చైనా పింగాణీ దిగేది, అక్కడి నుంచి రేవు పట్నం వెరాక్రుస్‌కి వెళ్ళే దారిలోనే పువెబ్లా ఉంది. 1565 నుంచి 1815 దాకా ఆ ఓడలు నడిచాయి. ఇక్కడి కుమ్మరులు ఆ పింగాణీ చూసి తమ మట్టి మీద అదే నీలం వేశారు. దగ్గరగా చూస్తే కొన్ని పాత కూజాల మీద కొంగలు, చైనా కొమ్మలు కూడా కనిపిస్తాయి.

ఆ ఓడలే ఒక అమ్మాయిని కూడా తెచ్చాయి. మొఘల్ కాలం నాటి భారతదేశంలో పుట్టిందని చెప్తారు, చిన్నప్పుడు పోర్చుగీసు దొంగలు ఎత్తుకుపోయి, కొచ్చిన్ మీదుగా మనీలాకి, అక్కడి నుంచి ఇక్కడికి బానిసగా అమ్మేశారు. కతరీనా దె సాన్ హువాన్ అని పేరు పెట్టారు. పువెబ్లాలోనే బతికింది, భక్తురాలిగా పేరొచ్చింది, 1688లో పోయింది. ఆసియా నుంచి వచ్చినవాళ్ళందర్నీ అప్పట్లో చీనా అనేవాళ్ళు కాబట్టి ఆమె చీనా పొబ్లానా, అంటే పువెబ్లా చీనా, అయింది. యూనివర్సిటీ పాత భవనం కరోలీనో పక్కన ఉన్న లా కొంపాన్యా చర్చిలో ఆమె సమాధి ఉంది. రోజూ ఆ చర్చి ముందు నుంచి నడిచేదాన్ని, విషయం తెలిశాక ఒక రోజు లోపలికి వెళ్ళి కాసేపు నిలబడ్డాను. నేను స్కాలర్‌షిప్ కాగితాలతో, తిరుగు టికెట్‌తో వచ్చాను. ఆమె ఏ కాగితమూ లేకుండా వచ్చింది, తిరిగి వెళ్ళలేదు. దీనికీ కప్పుకీ సంబంధం ఏమిటని అడగొద్దు, నాకైతే ఆ నీలం చూసినప్పుడల్లా ఆమె గుర్తొస్తుంది.

ఇప్పుడు తయారీ. 4 పొనియెంతె 911లో ఉరియార్తె వర్క్‌షాప్ ఉంది, 1824 నుంచి నడుస్తోంది. ముందు షోరూము, లోపల పలకలు పరిచిన వాకిలి, వెనక పని జరిగే చోటు. గైడుతో లోపల చూపిస్తారు, తప్పకుండా చూడండి. కొనాలన్న ఒత్తిడి నాకు ఏమీ కనిపించలేదు. రెండు రకాల మట్టి, ఒకటి నల్లది, ఒకటి తెల్లది, కలిపి నీళ్ళలో నానబెట్టి వడకట్టి, ఆరబెట్టి, కాళ్ళతో తొక్కి మెత్తన చేస్తారు. సారె మీద తిప్పి చేసిన పాత్ర నీడలో వారాల తరబడి ఆరాలి, తొందరపడితే పగులుతుంది. మొదటిసారి కాల్చాక ఎర్రటి గట్టి మట్టి పాత్ర వస్తుంది. వేలితో మీటితే గంట మోగినట్టు మోగాలి, మొద్దుగా శబ్దం వస్తే లోపల పగులు ఉన్నట్టే, పక్కన పెట్టేస్తారు. దాన్ని తెల్లటి పూతలో ముంచి తీస్తారు. పూత ఆరాక చిల్లులు పొడిచిన కాగితం పరిచి బొగ్గు పొడి సంచీతో తడితే చుక్కలు పడతాయి, చుక్కల ముగ్గు పెట్టినట్టే, ఆ చుక్కల వెంట కుంచె నడుస్తుంది.

రంగు వేసే చోట ఎక్కువసేపు నిలబడ్డాను. ఒకావిడ పళ్ళెం అంచుకి ఆకులు వేస్తోంది. ఆవిడ వేస్తున్నది నీలం కాదు, నల్లగా, బూడిద కలిసినట్టుంది. అదే కోబాల్టు, బట్టీలో 1,000 డిగ్రీలు దాటాకే నీలం అవుతుంది. ఆ తెల్లటి పూత పొడి సున్నంలాంటిది, కుంచె తగిలీ తగలగానే రంగు పీల్చేసుకుంటుంది, చెరపడానికి లేదు. కుంచె ఆనించిందంటే ఆపకుండా లాగేయాలి, ఆగితే అక్కడ మచ్చ. ఆవిడ ఊపిరి బిగబట్టి ఒక ఆకు వేసి, కుంచె ఎత్తాక ఊపిరి వదిలి, మళ్ళీ తర్వాతి ఆకు. రెండోసారి కాల్చినప్పుడు రంగూ పూతా కరిగి ఒకటైపోతాయి. స్పాంజి ఎంత రుద్దినా ఊడనిది అందుకే. నా 90 పెసోల కప్పుకి ఈ రెండో కాల్పే లేదు.

కప్పు మాత్రం ఇంకో చిన్న వర్క్‌షాప్‌లో కొన్నాను. పేరు రాయడం లేదు, ఎందుకంటే సర్టిఫికేట్ ఉన్న ఏ వర్క్‌షాప్‌కైనా నేను చెప్పేది వర్తిస్తుంది. 1995 నుంచి తలవేరా అనే పేరుకి చట్టబద్ధమైన రక్షణ ఉంది, పువెబ్లా, త్లస్కాలా రాష్ట్రాల్లో నిర్ణయించిన కొన్ని ఊళ్ళలో, నిర్ణయించిన పద్ధతిలో చేస్తేనే ఆ పేరు పెట్టుకోవాలి. 2019లో యునెస్కో కూడా ఈ కళని, స్పెయిన్‌లోని దాని పుట్టింటితో కలిపి, తన జాబితాలో చేర్చింది. కాబట్టి కొనేముందు కప్పు తిరగేయండి. వర్క్‌షాప్ పేరు, పువెబ్లా అనే మాట, రంగు వేసినవాళ్ళ పొడి అక్షరాలు చేత్తో రాసి, కాల్చి ఉండాలి. అడుగున కుండ ఆనే గుండ్రటి గట్టుకి పూత ఉండదు, అక్కడ మట్టి రంగు కనిపించాలి. బొమ్మల వెనకున్న పూత మరీ పాలలా తెల్లగా ఉంటే అనుమానించండి, అసలుది కొంచెం మీగడ రంగులో ఉంటుంది. గీతలు వేలికి తగలాలి. పాత పద్ధతి పూతలో తగరంతో పాటు సీసం కూడా ఉండేది కాబట్టి తినడానికి, తాగడానికి వాడేదైతే "సిన్ ప్లోమో?" అని అడగండి, సీసం లేదా అని అర్థం. మంచి కొట్టువాళ్ళు ఆ ప్రశ్నకి నొచ్చుకోరు, నాకు కాగితం తీసి చూపించారు.

ధర 780 పెసోలు. చిన్న ధర కాదు, విద్యార్థికి అసలే కాదు. నేను రెండు వారాలు మధ్యాహ్నాలు బయట తినడం మానేసి ఇంట్లో బీన్స్, తొర్తియాలతో, అంటే ఇక్కడి మొక్కజొన్న రొట్టెలతో, గడిపి కొన్నాను. దాని బదులు రోజుకో సెమితా తినొచ్చు కదా అని క్లాసులో ఒక స్నేహితురాలు అంది. సెమితా అంటే నువ్వులద్దిన గుండ్రటి రొట్టెలో వేపుడు మాంసం, పోగులు పోగులుగా ఊడే చీజు, అవకాడో, చిపోత్లె మిరప, పాపలో అనే ఘాటైన ఆకు పెట్టి ఇస్తారు. ఎల్ కార్మెన్ మార్కెట్‌లో తినండి. మాంసం లేకుండా చేయమంటే చీజూ అవకాడోతో చేసిస్తారు. మోలె మాత్రం శాకాహారులు అడిగి తినాలి, సాధారణంగా కోడి రసంతోనే చేస్తారు. స్నేహితురాలి మాటలో న్యాయం ఉంది, కానీ నేను నా నిర్ణయం మార్చుకోలేదు.

అయిదు నెలలుగా రోజుకి రెండుసార్లు అదే కప్పు. ఇంటావిడ మట్టి కుండలో దాల్చినచెక్క, బెల్లంలాంటి పిలోన్‌సియో వేసి కాచే కాఫీ, కఫె దె ఓయా, పొద్దున అందులోనే తాగుతాను. గోడ మందంగా ఉంటుంది కాబట్టి వేడి చాలాసేపు నిలుస్తుంది, నెమ్మదిగా చదువుకుంటూ తాగడానికి బాగుంటుంది. అంచు పెదవికి కాస్త దళసరిగా తగులుతుంది, పల్చటి పింగాణీకి అలవాటుపడ్డవాళ్ళకి మొదట నచ్చకపోవచ్చు. బరువు ఎక్కువ. పిడి చిన్నది, నాకు రెండు వేళ్ళే పడతాయి, నిండా కాఫీ పోస్తే రెండో చేత్తో అడుగు పట్టుకోవాల్సిందే. పూత లేని అడుగు గట్టు గరుకుగా ఉండి ఇంటావిడ చెక్క బల్ల మీద గీత పడేసింది, అప్పటి నుంచి కింద గుడ్డ ముక్క వేసుకుంటున్నాను. కొన్న చోట ఈ సంగతి ముందే చెప్పి ఉంటే బాగుండేది. మైక్రోవేవ్‌లో పెట్టలేదు, పెట్టొద్దనే చెప్పారు. డిష్‌వాషర్ మా ఇంట్లో లేదు కాబట్టి దాని సంగతి చెప్పలేను.

రంగు మాత్రం ఇసుమంత కూడా మారలేదు. నా కప్పు మీద ఒక వైపు చిన్న పిట్ట, చుట్టూ ఆకులు. పిట్ట తోక దగ్గర ఒక గీత మిగతావాటి కన్నా లావుగా ఉంది, అక్కడ కుంచె ఒక్క క్షణం ఆగినట్టుంది. కొట్లో వరసగా ఆరు కప్పులు పెట్టి ఎంచుకోమంటే ఆ గీత చూసే ఇది తీసుకున్నాను. మూడో నెలలో ఒక రోజు వెలుతురుకి ఎత్తి చూస్తే లోపలి పూతలో ఒకట్రెండు సన్నటి గీతలు కనిపించాయి. గుండె ఆగినంత పనయింది, పరిగెత్తుకుంటూ ఇంటావిడకి చూపించాను. వాళ్ళ అమ్మ గిన్నె తెచ్చి పక్కన పెట్టింది. దాని నిండా అవే గీతలు. సాంతా రోసా వంటింట్లో నేను వంగి చూసినవీ అవే. మట్టీ పూతా వేర్వేరుగా సాగి ముడుచుకుంటాయి కాబట్టి కొంతకాలానికి అలా వస్తాయట. చేత్తో తడిమితే తగలవు. ఏమైనా కారుతోందా అని నీళ్ళు పోసి రాత్రంతా ఒక కాగితం మీద పెట్టి చూశాను, పొద్దున కాగితం పొడిగానే ఉంది.

డబ్బు తక్కువుంటే కప్పే కొనక్కర్లేదు. సర్టిఫికేట్ ఉన్న వర్క్‌షాప్‌లోనే విడి పలక ఒకటి కొనుక్కోండి, చాలా తక్కువకి వస్తుంది, సూట్‌కేసులో బట్టల మధ్య పడుతుంది, అడుగున సంతకం అడగడం మర్చిపోకండి. స్టాళ్ళలో దొరికే రంగురంగుల కప్పులు పెన్నులు పెట్టుకోవడానికి కొనుక్కుంటే తప్పులేదు, నా పసుపు కప్పు ఇప్పుడు ఆ పనే చేస్తోంది. వాటిలో తాగొద్దు. బోర్డు మీద తలవేరా అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మొద్దు, అడుగే చూడండి.

వచ్చే నెల తిరుగు ప్రయాణం. ప్యాకింగ్ ఎలా చేయాలో కొట్లోనే అడిగి తెలుసుకున్నాను. కప్పు లోపల ఒక సాక్సు కుక్కి, పిడి సందులో ఇంకో సాక్సు దూర్చి, మొత్తం స్వెటర్‌లో చుట్టి, చెక్-ఇన్ బ్యాగులో వేయకుండా చేతిలో పట్టుకెళ్ళమన్నారు. అంతకుముందు ఇంకోసారి ఆ వర్క్‌షాప్‌కి వెళ్ళాలి. ఇంటావిడ వాళ్ళమ్మ గిన్నె మీద ఉన్నలాంటి ఆకులున్న గిన్నె ఒకటి చూసి పెట్టుకున్నాను, అంచు చిట్లనిది. దాని ధర కప్పు కంటే ఎక్కువే, మళ్ళీ బీన్స్, తొర్తియాలు మొదలుపెట్టాను.